మీకు తెలుసా? కేసముద్రం పసుపు, ఇంటి నలుగు, స్పాలో స్క్రబ్

కాజీపేట నుంచి విజయవాడ వైపు పోయే రైలు దారిలో, మహబూబాబాద్ రాకముందు కేసముద్రం వస్తుంది. 2016 అక్టోబర్ 11న మహబూబాబాద్ జిల్లా ఏర్పడేదాకా ఇది వరంగల్ జిల్లాలోని ఊరు. చుట్టుపక్కల రైతులకు కేసముద్రం అనగానే ముందు గుర్తొచ్చేది వ్యవసాయ మార్కెట్. ఎండలు ముదిరే రోజుల్లో యార్డు నిండా పసుపు రాశులు పడతాయి. కాడికి ఒక ధర, గోళకు ఒక ధర. వ్యాపారి ఒక కొమ్మును విరిచి లోపలి రంగు చూస్తుంటే రైతు ఆయన ముఖం చూస్తుంటాడు. తొమ్మిది నెలల కష్టం ఆ ఒక్క చూపులో తేలిపోతుంది.

పసుపు కూరలోకి పోతుందని అందరికీ తెలుసు. మందులకు, సబ్బులకు, క్రీములకు, పట్నాల్లోని స్పాలు ‘బాడీ స్క్రబ్’ పేరుతో ఒంటికి పట్టించే మిశ్రమాలకు కూడా పోతుంది. ఏసీ గదిలో, మంచి వాసనల మధ్య, డబ్బు కట్టి చేయించుకునే ఆ స్క్రబ్‌కూ మన అమ్మమ్మలు పెట్టిన నలుగుకూ పనిలో తేడా లేదు. రెండూ చర్మం మీది చచ్చిన పొరను తీసేవే. అవి ఎలా తీస్తాయో, ఎంత తీయాలో, ఎక్కడ చెయ్యి ఆపాలో చెప్పే సంగతులు ఇవి.

రాలేది మట్టి ఒక్కటే కాదు

మన ఒంటికి అన్నిటికన్నా పైన ఉన్న పొరలో ప్రాణం ఉండదు. చనిపోయిన కణాలు పలుచని పొలుసులై ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. ఒంటి మీద చాలాచోట్ల ఈ పొర మందం సుమారు 10 నుంచి 20 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో యాభయ్యో వంతు లోపే. అరచేతుల్లో, అరికాళ్లలో మాత్రం బాగా దళసరి. అడుగున పుట్టిన కొత్త కణం మెల్లగా పైకి జరిగి, చనిపోయి, రాలిపోవడానికి ఇంచుమించు నెల పడుతుంది. వయసు మీద పడ్డకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది.

పొలుసులు సమంగా రాలకపోతే చర్మం గరుకుగా తయారవుతుంది. గరుకు మీద పడ్డ వెలుగు చెదిరిపోతుంది కాబట్టి ఒళ్లు మసకగా కనిపిస్తుంది. రుద్ది స్నానం చేశాక మెరుపు వచ్చినట్టు ఉండేది అందుకే. రంగు మారలేదు, గరుకు పోయింది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే నలుగు గురించి, స్క్రబ్ గురించి సగం అపోహలు పోతాయి.

ఇంకో మాట. ఆ పొర చచ్చిందే అయినా పనికిరానిది కాదు. ఒంట్లోని నీరు బయటికి ఆవిరై పోకుండా పట్టి ఉంచేది, బయటి సూక్ష్మజీవులను లోపలికి రానివ్వనిది అదే. వదులైన పొలుసులు తీయడం వరకే మన పని. ఒళ్లు ఎర్రబడి మండుతున్నదంటే, ఉండాల్సిన పొరను కూడా తీసేశామని అర్థం.

ముందు నూనె, తర్వాత పిండి ఎందుకు?

నలుగు పెట్టే పద్ధతి చూడండి. ముందు నువ్వుల నూనె పట్టిస్తారు. కాసేపు నాననిస్తారు. తర్వాత సున్నిపిండి కలిపి రుద్దుతారు. చివరగా వేడినీళ్లు పోస్తారు. ఈ వరుసలో ఒక్కటి కూడా ఊరికే పెట్టింది కాదు. చర్మం మీది జిడ్డు నీళ్లకు కరగదు, నూనెకు కరుగుతుంది. పైన పట్టించిన నూనె పాత జిడ్డును, దానికి అంటుకున్న దుమ్మును వదులు చేస్తుంది. తర్వాత వచ్చే పిండి ఆ నూనెను పీల్చుకుంటుంది. రుద్దుతుంటే ఉండలు కట్టి రాలే నల్లని పీచులో మూడూ ఉంటాయి: నూనె, మురికి, చచ్చిన కణాలు.

సున్నిపిండిలో ఏమేం వేయాలన్నది ఇంటికో తీరు. పెసలు, శనగపప్పు మాత్రం దాదాపు అందరూ వేస్తారు. వాటికి తోడు కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు, ఎండబెట్టిన గులాబీ రేకులు, నారింజ తొక్కలు. పెసరపిండికి పెద్దపీట వేయడానికి కారణం ఉంది. పప్పుధాన్యాల్లో సపోనిన్లు అనే నురగ పుట్టించే పదార్థాలు ఉంటాయి. కుంకుడుకాయలో ఇవి దండిగా, పెసల్లో కొద్దిగా. ఆ కొద్దిపాటి నురగే జిడ్డును నీళ్లతో కలిసేలా చేస్తుంది. పైగా తడిసిన పెసరపిండి రవ్వ మెత్తబడుతుంది, అంచులు గుచ్చుకోవు. ఉప్పు గళ్లు, చక్కెర పలుకులు, అక్రోటు పెంకు పొడి వాడే స్పా స్క్రబ్‌లతో పోలిస్తే ఇది చాలా నెమ్మదైన సరుకు. అక్రోటు పెంకు పొడికి మొనదేలిన అంచులుంటాయి, ముఖానికి అది అసలు వద్దు. చక్కెర నీళ్లు తగలగానే కరిగిపోతుంది కాబట్టి ఉప్పుకన్నా మృదువు. చిన్న గీతలున్నా ఉప్పు మంట పెడుతుంది.

మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. చర్మం తన పైపొరను 5కు అటూ ఇటూ, కొద్దిపాటి పులుపులో ఉంచుకుంటుంది. సబ్బుతో తోముకున్నాక చర్మం బిగుసుకున్నట్టు అనిపించడానికి ఈ తేడా ఒక కారణం. చలికాలంలో కాళ్లు తెల్లగా పగిలేవాళ్లు రోజూ ఒళ్లంతా సబ్బు రాయకుండా చూసుకుంటే ఎంతో ఊరట.

అయిదు పచ్చివి, ఒకటి ఎండుది

చేలో తవ్విన పసుపును అలాగే మార్కెట్‌కు తేరు. ముందు ఉడకబెట్టాలి. ఉడికితేనే లోపలి గంజి మెత్తబడి, రంగు కొమ్మంతా సమంగా పరుచుకుంటుంది, ఎండటం కూడా తొందరగా అవుతుంది. తర్వాత కల్లంలో రెండు వారాల దాకా ఎండలో ఆరాలి. ఆ పైన డ్రమ్ముల్లో వేసి తిప్పి పైతోలు పోయేలా పాలిష్ పడతారు. ఇంత చేశాక అయిదు క్వింటాళ్ల పచ్చి పసుపుకు చేతికొచ్చేది ఇంచుమించు ఒక క్వింటా. ఉడకబెట్టే రోజుల్లో వాన పడితే ఆ ఒక్కటీ రంగు మారుతుంది. స్పాలో వెండి గిన్నెలో పెట్టిన చెంచాడు పసుపు వెనక ఇంత ఉన్నది.

2025 జనవరి 14న, సంక్రాంతి రోజున, జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. తెలంగాణ పసుపు రైతులు ఏళ్ల తరబడి అడిగిన బోర్డు అది.

పసుపుకు ఆ రంగు ఇచ్చేది కర్క్యుమిన్. సాధారణంగా ఎండు పసుపులో 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. ఇది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె రాసిన ఒంటికి పసుపు అంతలా పట్టుకోవడం అందుకే. నలుగులో వాడే కస్తూరి పసుపు వేరే జాతి. వాసన ఎక్కువ, రంగు అంటడం తక్కువ. కూర పసుపు ఒంటికి రాసుకుని, మూడు రోజులు పచ్చగా తిరిగినవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు.

పెండ్లి చీర మీద పసుపు మరక పడితే సబ్బు పెట్టగానే ఎర్రబడుతుంది. భయపడకండి. సబ్బులోని క్షారం తగిలి కర్క్యుమిన్ రంగు మారింది. హారతి పళ్లెంలో పసుపు నీళ్లకు సున్నం కలిపితే ఎర్రనీళ్లు అయ్యేది కూడా ఇట్లాగే. కడిగి ఎండలో ఆరేయండి. కర్క్యుమిన్‌కు వెలుగు పడదు, మరక దానంతటదే వెలిసిపోతుంది. సున్నిపిండిని కూడా గాజు సీసాలో కిటికీ దగ్గర పెట్టకుండా చీకటి అల్మారాలో దాచాలి.

రోజు విడిచి రోజు ఒళ్లు రుద్దించుకున్న నాగరకుడు

వాత్స్యాయనుడు కామసూత్రాల్లో పట్నవాసపు నాగరకుడి దినచర్య చెప్పాడు. స్నానం రోజూ. ఒళ్లు రుద్దించుకోవడం రోజు విడిచి రోజు. నురగ వచ్చే పదార్థం మూడు రోజులకోసారి. క్షౌరం నాలుగు రోజులకోసారి. నురగ పదార్థం ప్రతిరోజూ అక్కర్లేదని అంత వెనకటి కాలంలోనే అనుకున్నారంటే ముచ్చటేస్తుంది.

ఆయుర్వేదంలో పొడులతో ఒళ్లు రుద్దడాన్ని ఉద్వర్తనం అంటారు. వాగ్భటుడు అష్టాంగహృదయంలో దినచర్య చెబుతూ దీన్నీ చేర్చాడు. కఫం తగ్గుతుందని, కొవ్వు కరుగుతుందని, అవయవాలు గట్టిపడతాయని, చర్మం తేటపడుతుందని ఫలితాలు చెప్పాడు. చర్మం సంగతి మనకు కళ్ల ముందే కనిపిస్తుంది. కొవ్వు సంగతి మాత్రం వేరు. రుద్దితే కొవ్వు కరిగి పొట్ట తగ్గుతుందని ఎవరైనా ప్యాకేజీ అమ్మజూపితే డబ్బు పోయకండి.

కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో రాజు అనుభవించే భోగాలకు ఒక్కోదానికి ఒక్కో భాగం ఉంది. అందులో స్నానభోగం ఒకటి. ఆ రోజుల్లో హనుమకొండను ఏలుతున్న కాకతీయ రెండో ప్రోలరాజు చాళుక్యుల సామంతుడే. ఇక పోతన ఊరుగా చెప్పుకునే బమ్మెర ఇప్పటి జనగామ జిల్లాలో ఉంది. ఆయన తెనిగించిన భాగవతం దశమ స్కంధంలో కుబ్జ వస్తుంది. కంసుడికి మైపూతలు కలిపి ఇచ్చే పనిమనిషి. చందనం ఆమె చేతినుంచి అందుకున్న కృష్ణుడు ఆమె వంకర తీర్చాడు. ఒంటికి పూతలు కలిపే పనిలో ఉన్న మనిషికి మన కావ్యాల్లో దొరికిన గౌరవమైన చోటు అది.

నలుగుపిండితో పుట్టిన దేవుడు

వినాయక చవితి కథ తెలుగిళ్లలో పిల్లలకు కూడా నోటికి వచ్చు. పార్వతి తానానికి పోతూ నలుగుపిండితో బాలుణ్ని చేసి ప్రాణం పోసి వాకిట కాపలా పెట్టింది. శివపురాణం చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది: ఆమె ఒంటి మలినం నుంచే ఆ బాలుడు. ఒళ్లు రుద్దితే వచ్చే పిండి ముద్దలోంచి తొలి పూజలందుకునే దేవుణ్ని తీసిన ఊహ ఎంత గొప్పదో.

తెలంగాణ ఊళ్లలో పెండ్లికి ముందు మైలపోలు తీస్తారు. పిల్లను, పిలగాన్ని పీట మీద కూచోబెట్టి, నూనె అంటి, నలుగు పెట్టి తానం చేయిస్తారు. ముత్తైదువలు పాటలందుకుంటారు. నరక చతుర్దశినాడు తెల్లవారకముందే నూనెతో తలంటు, ఉగాదికి తలంటు. ఏడాదిలో కొన్ని రోజులకే ఈ పెద్ద రుద్దుడు అన్నది గమనించండి. మిగతా రోజుల్లో మామూలు తానమే. చర్మ వైద్యులు ఇప్పుడు ‘తరచుగా రుద్దొద్దు’ అనే మాటకు మన పండుగల లెక్క సరిగ్గా సరిపోతుంది.

ఈ పని చేసిన చేతులను కూడా తలుచుకోవాలి. బాలింతకు, బిడ్డకు కాళ్ల మీద వేసుకుని తానం పోసిన మంత్రసానులు, పెండ్లిళ్లలో తమ వంతు పని చేసిన నాయీబ్రాహ్మణులు, రజకులు. స్పాలో ఇదే పని చేసే మనిషికి థెరపిస్టు అనే పేరు, శిక్షణ, నెల జీతం ఉన్నాయి. మన ఊళ్లలో ఆ చేతులకు దక్కింది చేటెడు బియ్యం, ఒక రవికె ముక్క. వాళ్ల నైపుణ్యాన్ని నైపుణ్యం అని పిలవకపోవడం మన లోపం.

గీకుడు పరికరంతో రోమనులు, చేతి సంచితో తుర్కులు

పాత రోమనులు ఒంటికి నూనె రాసుకుని, వంకర తిరిగిన లోహపు గీకుడు పరికరంతో నూనెను, చెమటను, మురికిని కలిపి గీకేసేవారు. వ్యాయామశాలల్లో అలా గీకిన మడ్డిని మందుగా అమ్మేవారని ప్లినీ రాశాడు. తుర్కీ హమామ్‌లలో వేడి ఆవిరిలో నానబెట్టి, ‘కెసె’ అనే గరుకు చేతిసంచి తొడుక్కుని రుద్దుతారు. మొరాకోలో ముందు ఆలివ్ నల్ల సబ్బు పూస్తారు. కొరియాలో రుద్దే చిన్న గరుకు బట్టకు ‘ఇటలీ తువ్వాలు’ అని పేరు. 1960ల్లో బూసాన్‌లో ఇటలీ నుంచి తెప్పించిన బట్టతో దాన్ని కుట్టారు, ఆ పేరు అట్లా నిలిచిపోయింది.

మన నలుగుకు అన్నిటికన్నా దగ్గరి చుట్టం జావా ద్వీపంలో ఉంది. అక్కడి రాజాస్థానాల్లో పుట్టి, పెండ్లికూతుళ్ల ముస్తాబులో భాగమైన ‘లులూర్’లో బియ్యప్పిండి, పసుపు, సుగంధ ద్రవ్యాలు కలిపి పట్టిస్తారు. ఆరుతుండగా రుద్ది రాలుస్తారు. ఆ పైన పెరుగు పూస్తారు. ఇప్పుడు ప్రపంచమంతటా స్పాల జాబితాల్లో ఈ పేరు కనిపిస్తుంది. మన నలుగు పేరు అంత విరివిగా కనిపించదు. సరుకు మనదగ్గర లేక కాదు, చెప్పుకోక.

హైదరాబాద్‌లో గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో కూడా ఒక హమామ్ ఉంది. అయితే అది బతికినవాళ్ల స్నానానికి కట్టింది కాదు. రాజకుటుంబంలో కన్నుమూసినవారికి చివరి స్నానం చేయించడానికి కట్టింది. నీళ్లు పారే కాలువలు, నడుమ రాతి వేదిక ఇప్పటికీ చూడవచ్చు.

పసుపు మీద అమెరికాలో పేటెంటు

1995లో అమెరికా పేటెంటు కార్యాలయం పుండ్లు మాన్పడానికి పసుపు వాడే పద్ధతి మీద మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంటు ఇచ్చింది. నంబరు 5,401,504. అప్పటి సీఎస్‌ఐఆర్ అధిపతి రఘునాథ్ మాషేల్కర్ ఊరుకోలేదు. ఇది మా ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న వైద్యం అని చెప్పడానికి 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసంతో పాటు పాత గ్రంథాల ఆధారాలు ముందు పెట్టారు. 1997లో పేటెంటు రద్దయింది. అమ్మమ్మ ‘పసుపు పెట్టు, తగ్గుతుంది’ అన్నంత మాత్రాన పేటెంటు కార్యాలయం ఒప్పుకోదు, కాగితం మీద ఉండాలి. ఆ పాఠంతోనే మన సంప్రదాయ వైద్య విజ్ఞానాన్ని డిజిటల్ గ్రంథాలయంగా కూర్చే పని మొదలైంది. మీ ఇంటి సున్నిపిండి పాళ్లు కూడా ఎక్కడైనా రాసిపెట్టండి.

రుద్దకుండానే తీసే పెరుగు

పెరుగులో పులుపు లాక్టిక్ ఆమ్లానిది. స్వీడన్ రసాయనవేత్త షీలే 1780లో పులిసిన పాలనుంచి దాన్ని వేరుచేశాడు. చచ్చిన కణాలను ఒకదానికొకటి పట్టి ఉంచే అతుకులను ఈ ఆమ్లం వదులు చేస్తుంది. 1974లో అమెరికాలో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు పరిశోధకులు, ఒళ్లంతా చేప పొలుసుల్లా పగిలే జబ్బున్నవారికి ఇలాంటి పండ్ల ఆమ్లాలు పనిచేస్తాయని చూపించారు. ఇప్పటి ‘పీల్’ క్రీములు అక్కడినుంచి వచ్చినవే. సున్నిపిండిలో నీళ్లకు బదులు పెరుగు కలిపే అలవాటు అదే దారిలో ఉంది. అయితే పెరుగులో ఆమ్లం పలుచన, డాక్టరు వాడే మందులో గాఢత ఎక్కువ. ఒకటి మరోదానికి బదులు కాదు.

పెరుగు మంచిదని నిమ్మకాయ చెక్కతో ముఖం తోమకండి. దాని పులుపు చర్మానికి మరీ ఎక్కువ. నిమ్మజాతి రసాల్లో ఎండకు స్పందించే పదార్థాలూ ఉంటాయి. రసం అంటిన చోట ఎండ తగిలితే బొబ్బలు, తర్వాత నెలల తరబడి నల్ల మచ్చలు రావచ్చు.

బావంచాలతో జాగ్రత్త

సున్నిపిండిలో కొందరు వేసే బావంచాల్లో సొరాలెన్ ఉంటుంది. బొల్లికి చేసే చికిత్సలో సొరాలెన్ మందు ఇచ్చి, కొలిచిన అతినీలలోహిత కాంతి పెడతారు. ఈ పదార్థం చర్మానికి ఎండను బాగా పట్టిస్తుందన్నమాట. కాబట్టి బావంచాలు దండిగా వేసిన పిండితో రుద్దుకుని, మిట్టమధ్యాహ్నం చేలోకో, బండి మీద వరంగల్‌కో బయల్దేరితే ఒళ్లు కమిలే ప్రమాదం ఉంది. వేస్తే చిటికెడు వేయండి. సాయంత్రం పూట వాడండి. పొలం పనికి పోయేవాళ్లు, పిల్లలు అసలు లేకుండా చేసుకోవడం మేలు.

బీరపీచు ఓడలకెక్కింది

బాగా ముదిరి ఎండిన నేతిబీరకాయ తొక్క తీస్తే లోపల పీచు అల్లికలా ఉంటుంది. స్పాల్లో లూఫా పేరుతో కనిపించేది ఇదే. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జపాన్ నుంచి అమెరికాకు పోయిన పీచులో చాలా భాగం ఓడల ఇంజిన్లలో వడపోతకు వాడేవారు. ఇంట్లో వాడేవారికి ఒక్కటే సూచన. తడి పీచును బాత్‌రూమ్‌లో వేలాడదీస్తే సూక్ష్మజీవులు గూడు కట్టుకుంటాయి. ప్రతిసారీ పిండి, ఎండలో ఆరేయండి. నెలకోసారి మార్చండి. ఒకరిది మరొకరు వాడొద్దు.

ఒకప్పుడు స్క్రబ్ క్రీముల్లో రవ్వలా తగిలేది ప్లాస్టిక్. ఆ సన్నని పూసలు మురుగునీటి శుద్ధి కేంద్రాల్లో కూడా పూర్తిగా ఆగకుండా ఏరుల్లోకి, సముద్రంలోకి, చేపల కడుపుల్లోకి చేరాయి. అమెరికా 2015లో చట్టం చేసి ఆపింది, బ్రిటన్ 2018లో. మీరు కొనే డబ్బా మీద పాలిథిలీన్ అని ఉంటే పక్కన పెట్టండి. అరకు కాఫీ పిప్పి ఉంది, బియ్యప్పిండి ఉంది, ప్లాస్టిక్‌తో ఒళ్లు రుద్దుకునే అవసరం మనకేముంది.

మాల్స్‌లో కాళ్లు పెట్టించే చేపల తొట్లు కూడా చూసే ఉంటారు. కాళ్ల మీది చచ్చిన తోలు తినే గర్రా రూఫా చేపకు దవడల్లో పళ్లుండవు. కొన్నిచోట్ల దానికి బదులు పళ్లున్న వేరే చేపను వేస్తారు. పైగా చేపలుండగా తొట్టిని మందు వేసి శుభ్రం చేయలేరు. అమెరికాలో పదికి పైగా రాష్ట్రాలు దీన్ని నిషేధించాయి. షుగర్ ఉన్నవాళ్లు ఆ తొట్టి దగ్గరికే పోవద్దు.

కొమ్ములు కొని పట్టించండి

పసుపుపొడికి రంగు రావడానికి మెటానిల్ యెల్లో, సీసం ఉన్న లెడ్ క్రోమేట్ కలిపే మోసం ఉంది. బంగ్లాదేశ్‌లో 2019లో పరీక్షించిన మార్కెట్ నమూనాల్లో 47 శాతంలో సీసం కనబడింది. ప్రభుత్వం గట్టిగా పట్టుకుంటే 2021 నాటికి అది సున్నాకు వచ్చింది. తలుచుకుంటే ఆపవచ్చు. ఇంట్లో చూసుకోవడానికి ఆహార భద్రతా సంస్థ చెప్పే తేలిక పరీక్ష ఉంది. గ్లాసు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా ఉంచండి. మంచి పసుపు అడుగుకు దిగి నీళ్లు లేత పసుపుగా మిగులుతాయి. ముదురు రంగు తేలితే అనుమానించాలి. అన్నిటికన్నా మంచిది, కొమ్ములు కొని గిర్నీలో పట్టించుకోవడం. కేసముద్రం చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇది చేతికందే పని, రైతుకూ నాలుగు రూపాయలు ఎక్కువ దక్కుతాయి.

స్పాకు పోయేముందు

ఎండకు కమిలిన ఒంటికి, గాయాలకు, తామరకు, సోరియాసిస్‌కు స్క్రబ్ వద్దు. వ్యాక్సింగ్ లేదా షేవింగ్ చేసిన రోజు వద్దు. ముఖానికి రెటినాయిడ్ క్రీములు రాసుకునేవాళ్లు ముందే చెప్పాలి. పసుపు, సుగంధ తైలాలు పడనివాళ్లు కొందరు ఉంటారు. ముంజేతి మీద కొంచెం రాసి ఒక రోజు చూడటం మంచి అలవాటు. ఒళ్లు గోరువెచ్చని నీళ్లలో నానాక, గుండ్రంగా, నెమ్మదిగా రుద్దించుకోండి. నొప్పి పెడితే ‘ఆపండి’ అని చెప్పడానికి మొహమాటం వద్దు. చేతిసంచి ఉతికిందా అని అడగండి. అయిపోయాక తడి ఆరకముందే కొబ్బరినూనో మాయిశ్చరైజరో పట్టించాలి. మామూలు చర్మానికి వారానికోసారి మించి అక్కర్లేదు.

నల్లబడేది రుద్దడం వల్లే

ఇది అన్నిటికన్నా ముఖ్యం. వీపు మీద, మోచేతుల దగ్గర, మోకాలి కింద మురికి పట్టినట్టు, అలల్లా చారలు చారలుగా నల్లదనం కొందరిలో కనిపిస్తుంది. మురికే అనుకుని నైలాన్ పీచుతో ఇంకా గట్టిగా తోముతారు. అది ఇంకా నల్లబడుతుంది. ఏళ్ల తరబడి నైలాన్ పీచు, గరుకు తువ్వాలు రుద్దినవారిలో ఇలాంటి మచ్చలు రావడం వైద్యులు గుర్తించారు. మనలాంటి చామనఛాయ, నల్లని చర్మంలో రంగు కణాలు చురుకు. ఎక్కడ రాపిడి ఎక్కువైతే అక్కడ చర్మం రంగు దింపుకుంటుంది. తోమితే పోదు, తోమడం మానితేనే నెలల మీద తగ్గుతుంది.

నలుగు పెడితే తెల్లబడతారని, పెండ్లికి ముందు పిల్లకు రంగు తేలాలని ఎంతమంది ఆడపిల్లల చర్మాన్ని గీరామో. పసుపు, శనగపిండి, స్పాలో విదేశీ ఉప్పు, ఏదీ పుట్టుకతో వచ్చిన రంగును మార్చదు. మార్చాల్సిన పని కూడా లేదు. ‘రంగు తెస్తాం’ అని బోర్డు పెట్టిన చోటికి పోకండి.

పసిపిల్లల విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. పుట్టిన బిడ్డ ఒంటి మీద ఉండే తెల్లని జిగురు చర్మానికి కాపు. తొలి స్నానం కనీసం 24 గంటలు ఆగి చేయించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. శిశువు చర్మం పెద్దల చర్మం కన్నా పలుచన. వీపు మీది నూగు కొద్ది వారాల్లో తనంతట రాలిపోతుంది, పిండి ముద్దతో దొర్లించి పీకాల్సింది కాదు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నా ‘రంగు తేలుతుంది’ అంటూ రుద్దే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల ప్రేమను శంకించేవారు ఎవరూ లేరు. కానీ అమ్మలారా, నాయనమ్మలారా, ఆ రుద్దుడు ఈ రోజే మానండి. మెత్తని చేత్తో నాలుగు చుక్కల నూనె, గోరువెచ్చని నీళ్లు, బిడ్డకు అంతే చాలు.